మా అబ్బ రేకు పెట్టెలో వాల్వుల రసీదులు

పోయిన నెల మన గ్రూపులో ఒక అన్న అడిగినాడు, "మన పెద్దోళ్ళ చరిత్ర యాడ రాసుంది? మన ఇండ్లల్లో కాగితం ముక్క కూడా లేదు కదా" అని. ఆ మాట నా తలకాయలో తిరుగుతానే ఉంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోన్ని నేనే. కానీ మా ఇంట్లో కాగితాలు ఉన్నాయి. భూమి పట్టాలు కావు, చదువు సర్టిఫికెట్లు కావు. మైకు సెట్టు వాల్వులు కొన్న రసీదులు. మా అబ్బ వాటిని ఒక రేకు పెట్టెలో యాభై ఏండ్లకు పైగా దాచినాడు. ఎందుకు దాచినాడో తెలిసినాక ఈ పోస్టు రాయాలనిపించింది. పొడుగ్గా ఉంది, మెస్సులో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మాది మైదుకూరు పక్కన చిన్న ఊరు. మేము ఎరుకలోళ్ళం, అందులో ఉప్పు ఎరుకల. అబ్బ ఇరవై ఏండ్ల వయసులో ప్రొద్దుటూరులో ఒక మైకు సెట్టు షావుకారు దగ్గర కూలికి చేరినాడు. పెండ్లిండ్లు, జాతరలు, పీర్ల పండగ, ఓట్ల మీటింగులు. హారన్లు బండికెత్తాలి, యాపచెట్టు కొమ్మకు కట్టాలి, కరెంటు లేని ఊర్లకు బ్యాటరీలు మోయాలి. కొన్నేండ్లకు సెట్టు మూత తీసి వాల్వులు మార్చే పని కూడా అబ్బదే అయ్యింది. 1980ల్లో షావుకారు కొత్త ట్రాన్సిస్టర్ సెట్లు తెచ్చుకున్నాడు. ఇయ్యాల్సిన కూలి నిలిచిపోతే, దాని కింద పాత వాల్వు సెట్టు అబ్బకిచ్చినాడు. పేరు రేకు ఎప్పుడో ఊడిపోయిన ఆ ఇనుప పెట్టె ఇప్పుడు కర్నూల్లో నా హాస్టల్ మంచం కింద ఉంది. ఎత్తితే నడుము పట్టుకుంటుంది.

అది ఈడికి ఎందుకొచ్చిందంటే మా రూమ్మేటు వల్ల. వాడు సుగాలి తాండా పిల్లోడు, చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. సెకండ్ హ్యాండు కరెంటు గిటారు కొన్నాడు గానీ ఆంప్లిఫయర్ కొనే శక్తి లేదు. ఒకసారి మా ఊరికొచ్చి అటక మీద ఆ పెట్టెను చూసి, "రేయ్, దీంట్లో వాల్వులున్నాయి రా! దీనికోసం ఫారిన్ గిటారోళ్ళు చచ్చిపోతారు" అని ఎగిరినాడు. నాలుగు వాల్వుల్లో రెండు చచ్చిపోయినాయి. వాటికి బదులు కొత్తవి వెతకబోయి, నేను చరిత్రలో పడినాను.

ముందు వాల్వు అంటే ఏందో చెప్తా. గాలి మొత్తం తీసేసిన గాజు బుడ్డి. లోపల సన్నని తీగ ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి దాని చుట్టూ ఉన్న క్యాథోడ్ అనే గొట్టం నుంచి ఎలక్ట్రాన్లు లేచి, ఎదురుగా ఉన్న రేకు దిక్కు పోతాయి. నడుమ ఒక జల్లెడ లాంటి తీగ ఉంటుంది. మైకు నుంచి వచ్చే చిన్న కరెంటును ఆ జల్లెడకు ఇస్తే, రేకు దిక్కు పోయే పెద్ద కరెంటు దాని ప్రకారం పెరుగుతుంది, తగ్గుతుంది. కాలువ తూము దగ్గర చిన్న పలకను పైకీ కిందికీ ఆడిస్తే పెద్ద నీళ్ళు ఆడినట్లు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ జల్లెడ లేని వాల్వు చేసినాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ జల్లెడ పెట్టినాడు. చిన్న గొంతును పెద్ద గొంతు చేసే దోవ ఆడ తెరుచుకుంది.

క్యాథోడ్ మీద పూసిన పూత కాలుతా కాలుతా అరిగిపోతుంది. అందుకే వాల్వును టంకం పెట్టి అతికించరు, సాకెట్లో గుచ్చుతారు. బల్బు మార్చినట్లు పీకి, ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇప్పటి ఫోన్లు చూడండి, బ్యాటరీ మార్చాలన్నా షాపుకు పోవాల్సిందే. అప్పటి సెట్టు మాత్రం బడికి పోని మనిషి చేతికి కూడా అందేది. అబ్బకు ఆ పని దొరికింది అందుకే.

మన జిల్లాల్లో వాల్వు గొంతు ఎప్పుడు మొదలైంది? 1932లో తెలుగులో మాటల సినిమా 'భక్త ప్రహ్లాద' వచ్చింది. మాటల బొమ్మ ఆడిన ప్రతి టాకీసులో, గుడారం టాకీసులో కూడా గొంతును పెద్దది చేసింది వాల్వులే. 1938లో మద్రాసులో ఆకాశవాణి వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు నెహ్రూ ఈడికొచ్చినాడు. ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులు. ఆ రోజు ఆయన మాట జనానికి వినిపించిన మైకు సెట్టు ఏ కంపెనీదైనా దాని లోపల ఉన్నవి వాల్వులే అయ్యుండాలి. ట్రాన్సిస్టర్‌ను 1947లోనే అమెరికాలో కనిపెట్టినా, మొదటి ట్రాన్సిస్టర్ రేడియో అంగట్లోకి వచ్చింది 1954లో. కడపకు రేడియో స్టేషను 1963లో వచ్చింది. అంటే మన రాయలసీమ పెద్దోళ్ళు మీటింగులో విన్న మొదటి పెద్ద గొంతు గాజు బుడ్డిలో నుంచి వచ్చిందే.

ఇప్పుడు రసీదుల సంగతి.

మా అబ్బ 1947లో పుట్టినాడు. మద్రాసు రాష్ట్రంలో నేరస్త జాతుల చట్టం రద్దయిన ఏడు అదే. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు కిందనే ఉండె. దేశమంతా రద్దయింది మాత్రం 1952 ఆగస్టు 31న. ఆ తేదీని విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం, తెలిసిందే. కానీ మద్రాసులో చట్టం పోయిన మరుసటేడే, 1948లో, అలవాటు నేరగాళ్ళ చట్టం అని ఇంకోటి తెచ్చినారు. పేరు మారింది, పోలీసు చూపు మారలేదు.

మా వంశం పేరులోనే ఉప్పు ఉంది. మన ముత్తాతల ముత్తాతలు సముద్రం పక్క నుంచి ఉప్పు, ఈ పక్క నుంచి ధాన్యం పశువుల మీద వేసుకొని తిరిగి బేరం చేసినోళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది. 1871కి మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు పట్టాలు కలిసినాయి. బేరం పోయింది. ఉత్తరాదిన నేరస్త జాతుల చట్టం వచ్చింది కూడా 1871లోనే. 1911లో దాన్ని తిరగరాసినాక మద్రాసు రాష్ట్రంలోకి తెచ్చి మనోళ్ళ మీద పెట్టినారు. బేరం పోయి తిరుగుతున్న మనుషులను తిరుగుతున్నందుకే దొంగలన్నారు. మీనా రాధాకృష్ణ గారు కొరవల మీద రాసిన పుస్తకంలో ఈ రైలు, ఉప్పు కథ వివరంగా ఉంది. ఇంగ్లీషు వచ్చినోళ్ళు చదవండి. మా అబ్బ నాయన పోలీసు స్టేషన్లో హాజరు ఏసినోడు. వేలిముద్రలు ఇచ్చినోడు. పక్క ఊరికి పోవాలన్నా చీటీ ఉండాల్సిందే.

అట్లాంటి నాయన కొడుక్కు చెప్పిన బుద్ధి ఒక్కటే. "చేతిలో ఏ వస్తువున్నా దానికి కాగితం ఉండాల."

పెట్టెలోని మొదటి రసీదు 1968 నాటిది. ఒక ఈసీసీ83, ఒక ఈఎల్34. షావుకారు డబ్బులతో కొన్నవే. కానీ మోసుకొచ్చేది అబ్బ కదా. వాల్వులు అగ్గువ వస్తువులు కావు, ఒక పెద్ద వాల్వుకు వారం కూలి పోయేదంట. ఎరుకల పిల్లోడి సంచిలో గాజు వాల్వులు దొరికితే దారిలో ఎవరేమంటారో అబ్బకు తెలుసు. అందుకే షావుకారుకు లెక్క చెప్పినాక కూడా రసీదు తిరిగి అడిగి తెచ్చుకునేవాడు. షావుకారు నవ్వేవాడంట, "నీకెందుకురా ఇది, గ్యారంటీకా?" అని. మిగతా వాళ్ళకు అది గ్యారంటీ చీటీనే. సెట్టు అబ్బకిచ్చిన రోజున కూడా, "ఈ సెట్టును కూలి బాకీ కింద ఫలానా వానికి ఇచ్చినాను" అని రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఆ కాగితం ఒకసారి పనికొచ్చింది. ఒక జాతర నుంచి రాత్రి బండి మీద వస్తుంటే ఆపినారు. సెట్టు దించమన్నారు. కాగితం చూపించినాక, అది చదివినాక, ఇంకో గంట కూర్చోబెట్టి పంపినారు.

అబ్బకు చదువు రాదు. మరి వాల్వులను ఎట్లా గుర్తు పట్టేవాడు? నేను అడిగితే చేత్తో గాలిలో గీసి చూపించినాడు. ఈసీసీ83 అంటే "ఒక దువ్వెన, రెండు కొడవండ్లు". ఈఎల్34 అంటే "దువ్వెన, గోడ మూల". నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ అక్షరాల లెక్క చదివితే, అబ్బ లెక్క తప్పేం కాదనిపించింది. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం తీగకు ఇచ్చే కరెంటు. దువ్వెన అంటే 6.3 వోల్టులు. కొడవలి అంటే ట్రయోడ్, రెండు కొడవండ్లంటే ఒకే బుడ్డిలో రెండు ట్రయోడ్లు. మూల అంటే స్పీకరును తోసే పవర్ వాల్వు. వెనక అంకె 8తో మొదలైతే తొమ్మిది పిన్నుల చిన్న సాకెట్టు, 3తో మొదలైతే ఎనిమిది పిన్నుల పెద్ద సాకెట్టు. అమెరికా పద్ధతి వేరే. వాళ్ళ 12ఏఎక్స్7, మన ఈసీసీ83 రెండూ ఒకటే. ఈఎల్34ను అక్కడ 6సీఏ7 అంటారు. ఇది తెలియక ఒక పేరుతో షాపులో అడిగి, లేదనిపించుకొని, అదే వస్తువును ఎదురుగా పెట్టుకొని వెనక్కి వచ్చినోళ్ళు ఉంటారు.

పెట్టెలో రసీదులతో పాటు అట్ట డబ్బాలు కూడా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటి మీద బెల్ అనే ముద్ర. భారత్ ఎలక్ట్రానిక్స్, బెంగళూరు జాలహళ్ళి. రక్షణ శాఖ 1954లో పెట్టిన ఫ్యాక్టరీ. 1961లో ఫిలిప్స్ సాయంతో రేడియో వాల్వులు చేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు వాల్వు చచ్చిపోతే హాలండు నుంచో ఇంగ్లండు నుంచో ఓడలో వచ్చిన సరుకే దిక్కు. బెల్ వచ్చినాక ప్రొద్దుటూరు రిపేరు షాపు దాకా మన దేశం వాల్వు వచ్చింది. ఇప్పుడు ఆ బెల్ వాల్వులనే, డబ్బా విప్పని పాత సరుకు అని, ఫారినోళ్ళు వెతికి కొంటున్నారు. మన అటకల మీద, పాత ఇనుము కొట్లలో కేజీల లెక్కన పోయినవి అవే.

రసీదుల్లో లేనిది ఒకటి చెప్పాల. సెట్టు కట్టేది అబ్బ, వాల్వు మార్చేది అబ్బ, నడి జాతరలో గొంతు ఆగిపోతే చీకట్లో కాలే వాల్వును గుడ్డతో పట్టి పీకి ఇంకోటి పెట్టేది అబ్బ. కానీ కొన్ని ఊర్లలో మైకులో మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. "అందరి నోర్లు పెట్టే మైకు, నువ్వు నోరు పెట్టొద్దు" అనేవాళ్ళు. అందుకే అబ్బ "హలో, హలో" అనడు. ఇప్పటికీ మైకును వేలితో మూడుసార్లు తట్టి చూస్తాడు. చిన్నప్పుడు అది ఆయన స్టైలు అనుకున్నా.

వాల్వులు మార్చడంలో ఆయన చేసిన తప్పు కూడా చెప్పినాడు. ఒకసారి ఈఎల్34 దొరక్క 6ఎల్6 పెట్టినాడు. 6ఎల్6 అమెరికాలో 1936లో వచ్చింది, ఎనిమిది పిన్నులే, సాకెట్లో చక్కగా కూర్చుంటుంది. కానీ తీగ తినే కరెంటు వేరు, దానికి కావాల్సిన బయాస్ వేరు. కొంతసేపు పాడి, రేకు ఎర్రగా కాలి, పెండ్లి మధ్యలో పోయింది. "కూర్చుందని కుదిరినట్లు కాదప్పా" అంటాడు. ఈసీసీ83 చోట మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. అది గొంతును వంద రెట్లు పెంచితే, ఈసీసీ81 అరవై దాకా, ఈసీసీ82 ఇరవై లోపు పెంచుతాయి. మూడింటికీ పిన్నులు ఒకటే. గిటారు మోత మరీ చీలిపోతుంటే కొందరు కావాలనే ఈసీసీ81 పెట్టుకుంటారు. మైకు కుయ్యిమని అరిస్తే మా అబ్బ కూడా అదే చేసేవాడంట. పుస్తకం చూసి కాదు, చేత్తో నేర్చుకున్నది.

గిటారు ఆంప్, మైకు సెట్టు అన్నదమ్ముల బిడ్డలు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ రేడియో రిపేరు షాపు నుంచే వచ్చినాడు. లండన్లో జిమ్ మార్షల్ 1962లో ఆంప్‌లు మొదలుపెట్టి, తర్వాత వాడింది ఇదే ఈఎల్34. ట్రాన్సిస్టర్ తేలిక, అగ్గువ, వేడి లేదు, అందుకే మైకు సెట్లన్నీ అటు పోయినాయి. గిటారోళ్ళు మాత్రం పోలేదు. కారణం, వాల్వు శక్తికి మించి తోస్తే గొంతు ఒక్కసారిగా తెగదు, మెల్లగా బొంగురు పోతుంది. ఆ బొంగురే వాళ్ళకు పాట. అందువల్ల ఇప్పటికీ రష్యాలో సరతోవ్‌లో, స్లొవాకియాలో జేజే కంపెనీలో, చైనాలో వాల్వులు చేస్తున్నారు. 2022 మార్చిలో యుద్ధం వల్ల రష్యా సరుకు కొన్ని వారాలు ఆగితే లోకమంతా గిటారోళ్ళు గోల పెట్టినారు.

నేను కొనడానికి పోయిన కథ చెప్తా. వేసవిలో అరటిగెలల లోడింగుకు పోయి డబ్బులు కూడబెట్టినా. కర్నూల్లో ఒక పాత ఎలక్ట్రానిక్స్ షాపులో బాగున్న బెల్ వాల్వు ఒకటి నమూనాకు చూపించి, "అన్నా, ఇట్లాంటిది దొరుకుతుందా" అని అడిగినా. ఆయన తిప్పి తిప్పి చూసి, "ఏ ఊరు? ఎవుర్లు మీరు?" అన్నాడు. చెప్పినా. "ఇది యాడిది నీకు?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. కానీ ఆ గొంతు నాకు తెలుసు, మీలో చాలామందికి కూడా తెలుసు. వాల్వు తీసుకొని బయటికొచ్చినా. చేతులు వణికినాయి. ఆ రాత్రి అబ్బకు ఫోన్ చేస్తే, పక్కింటి పిల్లోడితో పెట్టెలోని రసీదులన్నీ ఫోటో తీయించి పంపినాడు. రసీదులు గ్యారంటీకి కాదని నాకు అర్థమైంది ఆ రాత్రే.

తర్వాత రాత్రి రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయినాం, నేనూ రూమ్మేటూ. గల్లీ గల్లీ తిరిగినాక ఒక ముసలాయన కొట్లో దొరికినాయి. పవర్ వాల్వులు జతగా కొనాలన్నాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే ఒకటే బరువంతా మోసి తొందరగా పోతుందంట. అందుకే జేజే ఈఎల్34 జత తీసుకున్నాం. చచ్చిపోయింది ఒకటే అయినా రెండూ మార్చాల్సిందే. ఈసీసీ83 మాత్రం పాత బెల్ సరుకు ఇచ్చినాడు. తల మీది వెండి మచ్చ చూపించి, "ఇది అద్దంలా మెరుస్తుంటే మంచిది, పాలలాగ తెల్లబడితే లోపలికి గాలి పోయినట్లు" అని చెప్పినాడు. బిల్లు అడిగితే, పాత సరుకుకు బిల్లెందుకు బాబూ అన్నాడు. కావాలన్నా. రాసిచ్చినాడు.

పెట్టడం మాత్రం ఊరికి పోయి అబ్బ ముందరే చేసినాం. ఇది ఇంట్లో ఎవురూ ఊరికే ప్రయత్నం చేయొద్దు. లోపల నాలుగు వందల వోల్టుల దాకా ఉంటాయి, ప్లగ్ పీకినాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని ముందు దించాల. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకొని ఒక్క కుడి చేత్తోనే పని చేయమంటాడు అబ్బ, కరెంటు గుండె మీదుగా పోకుండా. స్పీకరు తగిలించకుండా సెట్టు ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మేము పాత కెపాసిటర్లు మార్పించినాకనే వాల్వులు గుచ్చినాం.

స్విచ్చి వేసినాక అర నిమిషం ఏమీ లేదు. తర్వాత వాల్వుల్లో నారింజ రంగు వెలుగు. రూమ్మేటు గిటారును మైకు సాకెట్లో పెట్టి ఒక తీగ మీటినాడు. అటక మీద దుమ్ము రాలింది. హారన్ల పక్కన నిలబడి నిలబడి అబ్బకు ఇప్పుడు సరిగా వినపడదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసినాడు. ఎట్లుంది అబ్బా అని అరిస్తే, "బిల్లు తెచ్చినావా?" అన్నాడు. ఇచ్చినా. మడిచి రేకు పెట్టెలో పెట్టినాడు.

1968 నుంచి ఉన్న రసీదులన్నీ ఫోన్లో స్కాన్ చేస్తున్నా, పదిహేడు ఉన్నాయి. మీ ఇండ్లల్లో కూడా పాత రేడియో, మైకు సెట్టు, గ్రామఫోన్ ఉంటే పాత ఇనుమోనికి ఇచ్చే ముందు వెనక మూత తీసి చూడండి, ముట్టుకోవద్దు. దువ్వెన, కొడవండ్లు ఉన్న బుడ్డి కనపడితే ఫోటో పెట్టండి, అది ఏందో నేను చెప్తా. దాని రసీదు కూడా ఎవరైనా దాచి ఉంటే, దాన్నీ ఫోటో తీయండి.